ఇచ్చి పట్టుకోవచ్చా? జెర్సీ ట్రస్టు చట్టం, దాని సవరణల కథ

(హైదరాబాద్‌లో న్యాయ విద్యార్థులు, చార్టర్డ్ అకౌంటెంట్లు కలిసిన ఒక సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైప్ చేసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? సరే, మొదలుపెడదాం.

ఆఫ్‌షోర్ ట్రస్టు, అంటే పరాయి దేశంలో పెట్టుకునే ట్రస్టు, అనగానే మనకి గుర్తొచ్చేవి పేపర్లో చదివిన మాటలు. పనామా పేపర్స్, నల్లధనం, ఎక్కడో ఒక ద్వీపం, కొబ్బరిచెట్లు. ఇవాళ నేను చెప్పబోయే ద్వీపంలో కొబ్బరిచెట్లు లేవు. చలి, వాన, బంగాళాదుంపలు, ఆవులు. జెర్సీ ఆవు అంటే మన పాడి రైతుల్లో తెలియనివాళ్ళు ఎవరు? ఆ ఆవు సొంతూరు ఇదే.

ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ మధ్య సముద్రంలో, ఫ్రాన్సు తీరానికి 14 మైళ్ళ దూరంలో ఉంటుంది జెర్సీ. 9 మైళ్ళ పొడవు, 5 మైళ్ళ వెడల్పు. జనాభా లక్ష పైచిలుకు. మన దగ్గర ఒక మాదిరి మున్సిపాలిటీ అంత. కానీ దానికి సొంత శాసనసభ ఉంది, సొంత కోర్టు ఉంది, సొంత పన్ను చట్టం ఉంది. బ్రిటన్ రాజు కింద ఉంటుంది, బ్రిటన్‌లో భాగం మాత్రం కాదు. 1204లో నార్మండీ ఫ్రాన్సు రాజు చేతికి పోయింది, ఈ ద్వీపం ఇంగ్లండు రాజు వైపు ఉండిపోయింది. అంచేత రాజేమో ఇంగ్లండు రాజు, ఆచార చట్టమేమో నార్మన్ల చట్టం. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ముందు ట్రస్టు అంటే ఏమిటో రెండు మాటలు. 1882 ఇండియన్ ట్రస్ట్స్ యాక్ట్ చదివినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు, కాసేపు ఓపిక పట్టండి. హైదరాబాద్‌లో కూర్చుని ట్రస్టు గురించి మాట్లాడుతూ నిజాం డబ్బు కేసు చెప్పకపోతే ఎలా? 1948 సెప్టెంబరు, పోలీసు యాక్షన్ రోజులు. ఏడో నిజాం డబ్బు 10 లక్షల పౌన్లకు పైగా, లండన్ బ్యాంకులో పాకిస్తాన్ హైకమిషనర్ రహీమ్‌తులా పేరున ఉన్న ఖాతాలోకి వెళ్ళింది. కొద్దిరోజులకే నిజాం వెనక్కి ఇమ్మన్నాడు. బ్యాంకు ఇవ్వలేదు. 1957లో కేసు అప్పట్లో బ్రిటన్ పై కోర్టయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్ళి, పాకిస్తాన్ సార్వభౌమ దేశం కాబట్టి దాని మీద దావా నడవదని ఆగిపోయింది. చివరికి 2019 అక్టోబరులో లండన్ హైకోర్టు తేల్చింది. ఖాతా రహీమ్‌తులా పేరునే ఉంది, కాదనలేదు. కానీ ఆయన ఆ డబ్బు నిజాం కోసం ట్రస్టు మీద పెట్టుకున్నాడు, సొంతానికి కాదు అంది. అప్పటికి అది సుమారు 3.5 కోట్ల పౌన్లు అయింది.

పేరు ఒకరిది, ఆయన ట్రస్టీ. ఫలం ఇంకొకరిది, ఆయన లబ్ధిదారు. మరి బినామీకీ దీనికీ తేడా ఏమిటి? మీలో ఎవరో అడగబోతున్నారని తెలుసు. బినామీదారుకి సొంత బుర్ర అక్కర్లేదు, చెప్పినచోట సంతకం పెడితే చాలు. ట్రస్టీకి బాధ్యత ఉంటుంది. లబ్ధిదారుల మేలు తనే ఆలోచించి నిర్ణయించాలి. ఆస్తి ఇచ్చిన మనిషి, ఆయన్ని సెట్లర్ అందాం, ఆ సెట్లర్ ఫోన్ చేసి చెప్పినా సరే, లబ్ధిదారులకు నష్టమైతే కాదనాలి. కాదనకపోతే లబ్ధిదారు కోర్టుకి లాగుతాడు. నేను ఇవాళ చెప్పేదంతా ఈ ఒక్క తేడా చుట్టూనే తిరుగుతుంది. సెట్లర్ నిజంగా ఇచ్చేశాడా, ఇచ్చినట్టు కాగితం మాత్రం రాశాడా?

ఇక జెర్సీకి వద్దాం. 1984లో ట్రస్ట్స్ జెర్సీ లా వచ్చింది. అంతకుముందు కూడా అక్కడ ట్రస్టులు నడిచేవి, కానీ చట్టం లేదు. ట్రస్టు అనేది ఇంగ్లీషు కోర్టుల్లో పుట్టిన పద్ధతి. నార్మన్ ఆచార చట్టంలో దానికి చోటు ఉందా లేదా అని లాయర్లకే అనుమానం. డబ్బు దాచుకోవడానికి వచ్చేవాడికి అనుమానం పనికిరాదు కదా? అందుకని ఒక్కచోట రాసేశారు. ట్రస్టు ఎలా పుడుతుంది, ట్రస్టీ ఏం చేయాలి, ఎన్నేళ్ళు నడవచ్చు అన్నీ. అప్పట్లో గరిష్ఠంగా 100 ఏళ్ళు.

ఇందులో ఒక తమాషా ఉంది, వినండి. ఈ చట్టం కింద ప్రపంచంలో ఎక్కడి షేర్లయినా, ఎక్కడి బ్యాంకు డబ్బయినా ట్రస్టులో పెట్టొచ్చు. జెర్సీలో ఉన్న భూమి మాత్రం నేరుగా పెట్టకూడదు. పెడితే ఆ మేరకు ట్రస్టు చెల్లదు. అమ్మడానికి బాగానే ఉంది, తమ పొలం మీదికి మాత్రం రానివ్వరు!

ఇప్పుడు ఇందాకటి నార్మన్ ముక్క. ఆ ఆచార చట్టంలో పాత సూత్రం ఒకటి ఉంది. ‘దొనే ఎ రెత్నీర్ న వో’ అంటారు. ఇచ్చి, మళ్ళీ పట్టుకుంటే ఆ ఇవ్వడం చెల్లదు అని. అల్లుడికి బండి కొనిచ్చి తాళం మామగారే జేబులో వేసుకుంటే బండి ఎవరిది? మామగారిదే. ఆ మాత్రం చెప్పడానికి నార్మన్లు కావాలా అనిపిస్తుంది, కానీ ఈ సూత్రం ఒక పెద్ద ట్రస్టుని కూల్చింది.

అది రెహమాన్ కేసు. 1991లో జెర్సీ రాయల్ కోర్టు తీర్పు. 1977లో ఒక సంపన్నుడు జెర్సీలో ఒక పెద్ద బ్యాంకుకి చెందిన ట్రస్టు కంపెనీని ట్రస్టీగా పెట్టి డీడ్, అంటే ట్రస్టు పత్రం, రాశాడు. పైకి చూస్తే చక్కని డీడ్. లోపల చూస్తే, ఆయన బతికున్నంతకాలం ముఖ్యమైన పనులకి ఆయన అనుమతి కావాలి. డీడ్ సంగతి అలా ఉంచండి, అసలు రోజువారీ ఎలా నడిచింది? కోర్టు ఫైళ్ళన్నీ తిరగేసింది. పెట్టుబడి ఎక్కడ పెట్టాలో ఆయనే చెప్పేవాడు. ఎవరికి ఎంత పంపాలో ఆయనే చెప్పేవాడు. ట్రస్టీ ఆ మాట ప్రకారం నడుచుకునేది. ఆయన పోయాక భార్య కోర్టుకెళ్ళింది. ఇది ట్రస్టు కాదు, ఆస్తి ఎప్పుడూ ఆయనదే, కాబట్టి వారసత్వంలోకి రావాలి అని. కోర్టు ఒప్పుకుంది. పాత నార్మన్ సూత్రం ప్రకారమూ చెల్లదు, జరిగిన తీరు చూసినా ఇది బూటకమే అంది.

ఈ తీర్పు చదివాక జెర్సీలో ట్రస్టు కంపెనీలకి ఎంత టెన్షన్ వచ్చి ఉంటుందో ఊహించండి. ఎందుకంటే వాళ్ళ దగ్గరికొచ్చే క్లయింట్లలో చాలామంది ఇదే రకం. సొంతంగా వ్యాపారం పెంచుకున్న మనిషి. జీవితాంతం సంపాదించింది ఒక అపరిచిత కంపెనీ చేతిలో పెట్టి ‘ఇక మీ దయ’ అంటాడా? అనడు. పెత్తనం కావాలి. ఇంగ్లండులో తాతల నాటి నుంచి ట్రస్టులు చూసిన కుటుంబాలకి ఇది అలవాటే. గల్ఫ్ నుంచో ఆసియా నుంచో వచ్చేవాడికి కాదు.

మరి చట్టం ఏం చేసింది? రెండు పనులు చేసింది. ఆ నార్మన్ సూత్రం ట్రస్టులకి వర్తించదని చట్టంలోనే రాసేసింది. తర్వాత 2006 సవరణలో ఆర్టికల్ 9ఏ అని ఒకటి చేర్చింది. సెట్లర్ ఏయే అధికారాలు తన దగ్గర ఉంచుకున్నా ట్రస్టు చెల్లకుండా పోదో వరసగా చెప్పింది. ట్రస్టుని రద్దు చేయొచ్చు. డీడ్ మార్చొచ్చు. ఎవరికి ఎంత ఇవ్వాలో చెప్పొచ్చు. పెట్టుబడుల మీద ట్రస్టీకి ఆదేశాలు ఇవ్వొచ్చు. ట్రస్టు చేతిలో ఉన్న కంపెనీకి డైరెక్టరుగా ఉండొచ్చు. ట్రస్టీని తీసేయొచ్చు, లబ్ధిదారుని తీసేయొచ్చు. ఆ ఆదేశం ప్రకారం నడుచుకున్న ట్రస్టీ తప్పు చేసినట్టు కాదు.

ఇక ట్రస్టీకి మిగిలిందేమిటి? ఇదే నా ప్రశ్న. అధికారాలు ఒక్కొక్కటీ చూస్తే దేనికీ అభ్యంతరం కనబడదు. రద్దు చేసుకునే హక్కు చాలా దేశాల ట్రస్టుల్లో మామూలే. అన్నీ కలిపి ఒకే మనిషి చేతిలో పెడితే అప్పుడు చూడండి, బినామీకీ దీనికీ మధ్య గోడ ఎంత పలచబడిందో.

చట్టం అలా రాసింది కదా, ఇక గొడవ లేదనుకున్నారు. 2020లో ప్రివీ కౌన్సిల్ నుంచి వెబ్ వర్సెస్ వెబ్ తీర్పు వచ్చింది. ఇది జెర్సీ కేసు కాదు, పసిఫిక్‌లో కుక్ ఐలాండ్స్ కేసు. కానీ జెర్సీకి కూడా చివరి అప్పీలు ప్రివీ కౌన్సిలే, అందుకే చెబుతున్నాను. అక్కడ సెట్లర్ తనే, ట్రస్టీ తనే, తల్చుకుంటే తనని తానే ఏకైక లబ్ధిదారుగా మార్చుకునే అధికారమూ తనదే. భార్యాభర్తలు విడిపోయారు, ఆస్తి పంపకం వచ్చింది. ఆయన ‘ఆస్తి నాది కాదండీ, ట్రస్టుది’ అన్నాడు. కోర్టు ఏమంది? డీడ్‌లో నువ్వు ఉంచుకున్న అధికారాలు చూస్తే నువ్వు అసలు దేన్నీ వదులుకోలేదు, ఆస్తి నీదే అంది. నార్మన్ సూత్రం పేరెత్తలేదు, ఆ అవసరమూ లేదు. ద్వీపం ఏదైనా కోర్టు అడిగేది అదే, ఇచ్చావా లేదా?

నన్ను అడిగితే ఈ 40 ఏళ్ళ చరిత్రలో గట్టి పాఠం ఇక్కడే ఉంది. 9ఏ ఉంది కదా అని జాబితాలో ఉన్నవన్నీ ఉంచేసుకునే సెట్లర్, ముందు ముందు తన మీద కేసు వేయబోయేవాడికి తనే సాక్ష్యం రాసిపెడుతున్నాడు.

ఇంకో సవరణ చూద్దాం, ఫైర్‌వాల్ అంటారు దీన్ని. చాలా దేశాల్లో ఆస్తి మొత్తం ఇష్టం వచ్చినవాళ్ళకి రాయడానికి లేదు. ఫ్రాన్సులో పిల్లల వాటా పిల్లలకే. ముస్లిం లా ప్రకారం వీలునామాతో రాయగలిగింది మామూలుగా మూడో వంతే, పాతబస్తీలో ఏ వకీలుని అడిగినా చెబుతారు. మరి ఆ దేశం మనిషి జెర్సీలో ట్రస్టు పెడితే? జెర్సీ చట్టం ఆర్టికల్ 9 ఏమంటుందంటే, ఆ ట్రస్టు చెల్లుతుందా లేదా అన్నది జెర్సీ చట్టం ప్రకారమే తేలుస్తాం, విదేశీ వారసత్వ చట్టం చూడం, దానికి విరుద్ధంగా విదేశీ కోర్టు తీర్పు తెచ్చినా అమలు చేయం అంటుంది. 2006లో దీన్ని ఇంకా బిగించారు.

మళ్ళీ తమాషా. జెర్సీ వాళ్ళ సొంత వారసత్వ చట్టం, 1993లో రాసినది, చరాస్తిలో భార్యకి మూడో వంతు, పిల్లలకి మూడో వంతు తప్పనిసరి చేసింది. వీలునామా రాసేవాడికి మిగిలేది మూడో వంతు. తమ ఇంట్లో వారసుల వాటా తప్పనిసరి, బయటివాడి ఇంట్లో వారసుల వాటాకి గుర్తింపు లేదు. చట్టాన్ని సరుకుగా అమ్మితే ఇలాంటివి తప్పవు. అయితే ఈ గోడకి కూడా హద్దు ఉంది. వేరే దేశంలో ఉన్న భూమికి ఆ దేశపు చట్టమే వర్తిస్తుంది. తెనాలిలో మాగాణి గురించి జెర్సీ రాజధాని సెయింట్ హెలియర్‌లో డీడ్ రాసుకుంటే ఇక్కడ సబ్ రిజిస్ట్రార్ కూడా ఒప్పుకోడు.

కాలపరిమితి గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. 2006లోనే ఆ 100 ఏళ్ళ గడువు ఎత్తేశారు. ఇప్పుడు జెర్సీ ట్రస్టు ఎంతకాలమైనా నడవచ్చు. ఇంగ్లండు 2009 చట్టంలో 125 ఏళ్ళు పెట్టింది. బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్ 2013లో 360 ఏళ్ళు చేసింది. మనకి ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్ సెక్షన్ 14 ఉంది, బతికున్నవారి జీవితకాలం, దాని మీద పుట్టబోయేవాడు మైనరుగా ఉన్నంతకాలం. విద్యార్థులకి పరీక్షలో వస్తుంది, నాకు ఇవాళ దీనితో ఎక్కువ పని లేదు.

ఇంతసేపూ సెట్లర్‌కి అనుకూలమైనవే చెప్పాను. అన్నీ అలాగే ఉంటే నేను కూడా ఇదంతా మోసం అని ఒక్క ముక్కలో తేల్చేసేవాణ్ణి. అలా లేదు. ట్రస్టీ అజాగ్రత్త సంగతి చూడండి. డీడ్‌లో ఒక క్లాజు పెడతారు, ట్రస్టీ పొరపాటుకి ట్రస్టీ బాధ్యుడు కాడు అని. ఎంత పొరపాటుకి? 1997లో ఇంగ్లండు అప్పీలు కోర్టు ఆర్మిటేజ్ వర్సెస్ నర్స్ కేసులో, మోసం తప్ప మిగతా అన్నిటి నుంచీ డీడ్ ట్రస్టీని కాపాడవచ్చు అంది. ఘోరమైన నిర్లక్ష్యం చేసినా సరే! జెర్సీ అంతకు 8 ఏళ్ళ ముందే, 1989లో, ఘోరమైన నిర్లక్ష్యానికి ఏ క్లాజూ అడ్డం రాదని చట్టంలో రాసింది. ట్యాక్స్ హేవెన్ అని మనం తిట్టే ద్వీపం, ట్రస్టుకి పుట్టిల్లయిన ఇంగ్లండు కన్నా లబ్ధిదారుని ఎక్కువ కాపాడింది. లైసెన్సుల విషయమూ అంతే. 1998లో ఆర్థిక సేవల చట్టం వచ్చాక, అక్కడ ట్రస్టీ వ్యాపారం చేయాలంటే రెగ్యులేటర్ దగ్గర లైసెన్సు కావాలి, తనిఖీలు ఉంటాయి. వ్యాపారం నిలబడాలంటే పరువు నిలబడాలని వాళ్ళకి బాగా తెలుసు.

ఇక అకౌంటెంట్లకి నచ్చే సవరణ, 2013. దీని వెనక ఒక ఇంగ్లీషు కేసు ఉంది, పిట్ వర్సెస్ హోల్ట్. ఒకాయనకి రోడ్డు ప్రమాదంలో తలకి తీవ్రమైన దెబ్బ తగిలింది. పరిహారంగా సుమారు 12 లక్షల పౌన్లు వచ్చింది. సలహాదారుల మాట విని భార్య ఆ డబ్బు ట్రస్టులో పెట్టింది. సలహా ఇచ్చినవాళ్ళు వారసత్వ పన్ను సంగతే ఆలోచించలేదు. వికలాంగుల కోసం చట్టంలోనే ఉన్న ఒక చిన్న వాక్యం డీడ్‌లో రాసి ఉంటే ఆ పన్ను పడేది కాదు, వాళ్ళు రాయలేదు. కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. ఇంగ్లండులో అప్పటిదాకా, ట్రస్టీ ముఖ్యమైన సంగతి ఒకటి పట్టించుకోకపోతే ఆ నిర్ణయాన్ని రద్దు చేసే వెసులుబాటు ధారాళంగా ఉండేది. 2013 మేలో సుప్రీం కోర్టు దాన్ని కుదించింది. ట్రస్టీ తన కర్తవ్యం తప్పితేనే రద్దు, నిపుణుల సలహా తీసుకుని తప్పులో కాలేస్తే కుదరదు అంది. ఆమెకి మాత్రం ‘పొరపాటు’ అనే వేరే దారిలో ఊరట ఇచ్చింది.

అదే ఏడాది జెర్సీ ఏం చేసింది? ఇంగ్లండు మూసిన తలుపుని చట్టం రాసి మరీ తెరిచింది. సెట్లర్ పొరపాటు పడ్డా, ట్రస్టీ ఆలోచించాల్సింది ఆలోచించకపోయినా, కోర్టు రద్దు చేయొచ్చు. తప్పు ఎవరిదన్నది అనవసరం. రద్దయితే ఆ పని అసలు జరగనట్టే. ఇప్పుడు చెప్పండి, మన క్లయింటు లెక్క తప్పి పన్ను పడితే, ‘సార్, నేను సరిగ్గా ఆలోచించలేదు, జరగనట్టు చేసేయండి’ అంటే డిపార్ట్‌మెంటు ఊరుకుంటుందా? నవ్వుతున్నారు. తలకి దెబ్బ తగిలినాయన భార్య లాంటివాళ్ళకి ఈ దారి ఉండాల్సిందే. ఖరీదైన సలహాదారులని పెట్టుకుని పన్ను తప్పించుకునే పథకం వేసి, అది బెడిసికొడితే కోర్టుకొచ్చేవాడికి కూడా అదే దారి ఎందుకు ఉండాలో నాకు అర్థం కాదు. చట్టం ఈ ఇద్దరికీ తేడా చూపలేదు. రద్దు చేయడం న్యాయమా కాదా అన్నది జడ్జికి వదిలేసింది.

చివరిగా 2018 సవరణ, మన దేశంలో ఉన్నవాళ్ళకి నేరుగా తగిలేది. లబ్ధిదారుకి సమాచారం అడిగే హక్కు ఉందా? 2003లో ష్మిట్ వర్సెస్ రోజ్‌వుడ్ అని ఐల్ ఆఫ్ మ్యాన్ కేసులో ప్రివీ కౌన్సిల్ ఏమందంటే, ఇది ఆస్తి హక్కు లాంటిది కాదు, ట్రస్టుని కనిపెట్టుకుని ఉండే అధికారం కోర్టుది, ఎవరికి ఏ కాగితం చూపించాలో కోర్టే చూసుకుంటుంది అంది. 2018లో జెర్సీ ఆర్టికల్ 29ని తిరగరాసింది. డీడ్‌లో రాసుకుంటే లబ్ధిదారుకి సమాచారం ఇవ్వకుండా ఉండవచ్చు, పరిమితం చేయవచ్చు. పైన కోర్టు అధికారం ఉంటుంది. ఇది ఎవరు అడిగారంటారు? లబ్ధిదారులైతే అడగరు కదా. ఇరవయ్యేళ్ళ కొడుక్కి ఆస్తి ఎంతుందో తెలిస్తే పాడైపోతాడని భయపడే తండ్రి అడుగుతాడు. భయంలో న్యాయం లేదనను. కానీ లెక్క అడగలేని లబ్ధిదారు ట్రస్టీని కోర్టుకి లాగేదెలా?

దీన్ని ఇప్పుడు ఇండియా నుంచి చూడండి. జెర్సీలో ట్రస్టులకి అందరికీ కనబడే రిజిస్టరు లేదు. కానీ పన్ను శాఖల మధ్య గుట్టు పోయింది. 2011లో ఇండియా, జెర్సీ పన్ను సమాచార ఒప్పందం మీద సంతకాలు చేశాయి. 2017 నుంచి ఖాతాల వివరాలు అడగకుండానే ఏటేటా ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వెళ్తున్నాయి. ఇవతల 2015 నల్లధనం చట్టం ఉంది. వెల్లడించని విదేశీ ఆస్తి మీద 30 శాతం పన్ను, ఆ పన్నుకి మూడింతలు జరిమానా. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో విదేశీ ఆస్తులు చూపించే షెడ్యూల్ ఎఫ్‌ఏలో చూపించకపోతే 10 లక్షల జరిమానా వేరే. ఆ షెడ్యూల్‌లో విదేశీ ట్రస్టుకి సెట్లర్ అయినా, ట్రస్టీ అయినా, లబ్ధిదారు అయినా రాయాలని గడులు ఉన్నాయి.

ఇప్పుడు ఒక కేసు ఊహించండి. దుబాయ్‌లో వ్యాపారం చేసే మేనమామ జెర్సీలో ట్రస్టు పెట్టి, హైదరాబాద్‌లో ఉన్న మేనకోడలి పేరు లబ్ధిదారుల్లో రాశాడు. ఆర్టికల్ 29 కింద ఆమెకి చెప్పొద్దని డీడ్‌లో రాశాడు. అక్కడి చట్టం ప్రకారం ఆమెకి తెలియనక్కర్లేదు. ఇక్కడి షెడ్యూల్ మాత్రం ఆమెని రాయమంటుంది! లబ్ధి అందిన ఏడాదే రాయాలా, పేరున్న ప్రతి ఏడాదీ రాయాలా అన్న వాదన ఉంది, మీకు తెలుసు. కానీ ట్రస్టీ ఆమెకి ఒక్కసారి డబ్బు పంపాడంటే ఆ వివరం ఇక్కడి శాఖకి చేరే దారి తెరుచుకున్నట్టే, ఆమె రిటర్న్‌లో ఆ గడి ఖాళీగా ఉన్నా సరే.

అలాంటి క్లయింటు మీ దగ్గరికొస్తే ఏం చేయాలి? ముందు ట్రస్టీకి రాతపూర్వకంగా ఉత్తరం రాయించండి. పన్ను బాధ్యత తీర్చడానికి ఫలానా సమాచారం కావాలి, ఇంతే కావాలి అని. మొత్తం డీడ్ ఇమ్మంటే ఇవ్వరు, తన వాటాకి సంబంధించినంత వరకు అడిగితే చాలామంది ఇస్తారు. కాదంటే ఆర్టికల్ 51 కింద రాయల్ కోర్టుకి వెళ్ళే దారి ఉంది, ఖర్చు మాత్రం గట్టిగానే ఉంటుంది. ఉత్తరం కాపీ, పోస్టు రసీదు ఫైల్లో ఉంచండి. రేపు నోటీసు వస్తే చూపించడానికి ఆమె దగ్గర ఉండే కాగితం అదొక్కటే కావచ్చు.

ఇక మీ ప్రశ్నలు. మైకు ముందు వెనక వరసకి ఇవ్వండి, ముందున్నవాళ్ళు నన్ను టీ దగ్గర ఎలాగూ పట్టుకుంటారు.